కాశీలో వదలని పాలు

పదకొండేళ్ళుగా ఒక గ్లాసుడు పాలు నా గుండె మీద ఉన్నాయి. నేను తాగని పాలు. ఇత్తడి గ్లాసు, మీద మీగడ, పట్టుకుంటే వేళ్ళు చురుక్కుమనేంత వేడి. ఆ బరువు సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. దీన్ని ధైర్యం అనుకోకండి.

పేరు రాయను. మాది గజపతినగరం దగ్గర ఒక ఊరు. ఒకప్పుడు ఏడు ఊళ్ళలో మాకు పొలాలుండేవి. ఇప్పుడు ఇంటిపేరు మిగిలింది, నిటారుగా కూర్చునే అలవాటు మిగిలింది. ఆ అలవాటు మా నాన్నగారు నేర్పింది. కుర్చీకి వీపు ఆనించకూడదు. నలుగురిలో ఒంట్లో బాగోలేదన్న మాట అనకూడదు. అన్నం బాగుందనీ, బాగోలేదనీ అనకూడదు. ఇవి మర్యాదలని ఆయన అనుకున్నారు, నేనూ అనుకున్నాను. వాటిలో ఎన్ని మర్యాదలో, ఎన్ని బింకాలో ఇప్పటికీ విడదీయలేను.

మా ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు ఇచ్చే ఆచారం లేదు. పాలు ఇచ్చేవారు. రైతు వచ్చినా, కలెక్టరు వచ్చినా పాలే. పశువులు పోయాయి, పొలాలు పోయాయి, అయినా మా నాన్నగారు పోయే వారం ముందు వరకూ రాత్రి భోజనం తర్వాత చెంబుడు పాలు తాగారు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు, యాభై దాటాక, పాలు పడడం మానేశాయి.

తాగిన గంటకల్లా పొట్ట ఉబ్బేది. లోపల ఎవరో ఖాళీ బిందెలు దొర్లిస్తున్నట్టు చప్పుడు. ఆ తర్వాతి సంగతి రాయను, మీరు ఊహించుకోగలరు. మొదట ఏదో తిన్నది వికటించిందనుకున్నాను. తర్వాత వాముతో, శొంఠితో సర్దుకుందామని చూశాను. చివరికి తెలిసింది, పాలతోనే ఈ చిక్కని. నా భార్యకు తెలుసు, కానీ ఆమె పోయింది. ఆమె ఉండి ఉంటే నేను చెప్పబోయే అబద్ధం ఆ రోజే గడప దగ్గర ఆగిపోయేది. నాకు జబ్బు కంటే ఎక్కువ సిగ్గు అనిపించింది. ఎందుకో చెబితే మీరు నవ్వుతారు. ఇల్లు పడిపోవడం పొలాలతో ఆగలేదనీ, నా పేగుల్లోకి కూడా వచ్చిందనీ అనుకున్నాను. పాలు అరిగించుకోలేని వాడు ఆ ఇంటి వారసుడేమిటి?

ఇక సింహాద్రి గురించి చెప్పాలి.

సింహాద్రి తాతా, తండ్రీ మా భూములు దున్నారు. అతనూ నేనూ ఒక ఈడు వాళ్ళం. చంపావతిలో ఒకే వేసవిలో ఈత నేర్చుకున్నాం. నీళ్ళలో ఉన్నంతసేపూ నన్ను ఒరే అనేవాడు, ఒడ్డెక్కగానే బాబూ అనేవాడు. ఎవరూ చెప్పకుండానే ఇద్దరికీ ఆ ఒడ్డు ఎక్కడుందో తెలుసు. పదకొండేళ్ళ కిందట మాకు మిగిలిన ఆఖరి భూమి చెక్క అమ్మకానికి పెట్టాల్సి వచ్చింది. మీద మెట్ట, దిగువన వరి మడి. కొన్నది సింహాద్రే. బేరం ఆడలేదు. తలెత్తి నా ముఖంలోకి కూడా చూడలేదు. అతను సిగ్గుపడ్డాడు, అమ్ముకున్నది నేనైతే.

రిజిస్ట్రేషన్ అయిన మధ్యాహ్నం తన ఇంటికి తీసుకెళ్ళాడు. మా వైపు కొన్ని ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. భూమి కొన్నవాడు అమ్మినవాడిని ఇంటికి పిలిచి పాలు ఇస్తాడు. అమ్మినవాడు మనసారా తాగితే ఆ మన్ను కొత్తవాడికి అచ్చొస్తుంది. తాగకపోతే అతని కడుపులో మంట ఉన్నట్టు, ఆ మంట మడిలో ఉన్నట్టు. నాకు ఆ పట్టింపు తెలుసు. దారంతా దాని గురించే ఆలోచించాను. అక్కడికి వెళ్ళేసరికి వాకిట్లో అతని చుట్టాలు పదిమంది కూర్చుని ఉన్నారు. సింహాద్రి భార్య పైడమ్మ గ్లాసు తెచ్చింది.

"తాగండి బాబూ. మీ కడుపు సల్లగుంటే మాకు భూమి అచ్చొస్తాది" అన్నాడు సింహాద్రి.

నా కడుపు సంగతి నాకు తెలుసు. ఆ గ్లాసు తాగితే వాళ్ళ వీధి మలుపు కూడా దాటలేను. ఒక్క మాట చాలు: నాకు పాలు పడవు, ఒక గుక్క తాగి ఇచ్చేస్తాను, మనసులో ఏమీ లేదు. ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ అది మా ఆఖరి భూమి పోయిన రోజు. ఆ రోజున, ఆ వాకిట్లో, ఆ పదిమంది ముందు, నాకు పాలు కూడా అరగవని నా నోటితో నేను చెప్పాలా? చెప్పలేదు. వీపు నిటారుగా పెట్టుకుని అన్నాను:

"పాలు కాశీలో వదిలేశాను సింహాద్రీ. పాలు, పెరుగు, మజ్జిగ."

నేను కాశీ వెళ్ళిన మాట నిజం. ముందు ఏడాది నాన్నగారి అస్థికలు కలపడానికి వెళ్ళాను. ఇష్టమైనదొకటి గంగలో వదలమని అక్కడి పండా, కర్మ చేయించే పురోహితుడు, అడిగిన మాటా నిజమే. అందరూ ఏదో ఒక కాయో, పండో, కూరో వదులుతున్నారు. నేను ఏమీ వదలలేదు. మా ఇల్లు ఇప్పటికే వదిలినవి చాలనుకుని మెట్లెక్కి వచ్చేశాను.

 పైడమ్మ గ్లాసుతో అలాగే నిలబడింది. తాగనంటే భూమికి అశుభం. కాశీలో వదిలింది తాగమంటే మహాపాపం. వాళ్ళను ఎంత ఇరుకులో నిలబెట్టానో అప్పుడు నాకు తట్టలేదు. సింహాద్రి ఆమె చేతిలోని గ్లాసు తీసుకుని అరుగు మీద పెట్టాడు.

"అలగైతే నానూ ఒగ్గేత్తాను బాబూ. మీ భూమి తింటా, మీరు ఒగ్గేసిన పాలు నాను తాగితే నాకు అరగదు."

"ఇంట రెండు గేదెలుండగా సన్నాసవుతావేటి?" అంది పైడమ్మ.

"నువ్వూరుకోయే" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "నీ ఇష్టం" అన్నాను. పెద్దమనిషి గొంతుతో. అబద్ధం నోరు జారి వచ్చిందని సరిపెట్టుకోవచ్చు. ఈ రెండు మాటలు నోరు జారి రాలేదు. చూసి, తెలిసి అన్నాను. నా తప్పు అసలు ఇక్కడ మొదలైంది.

సింహాద్రి అన్నంత పనీ చేశాడు. చోడి అంబలి అంటే మా వైపు రైతుకు ఏమిటో మీకు తెలిసి ఉండకపోవచ్చు. రాగులను మేం చోళ్ళు అంటాం. రాత్రి కాచిన అంబలిలో పొద్దున్నే చిక్కటి మజ్జిగ పోసి, ఉప్పు వేసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగి పొలానికి వెళతారు. సింహాద్రికి అదే కాఫీ, అదే ఫలహారం, అదే పండగ. ఆ మర్నాటి నుంచి అంబలిలో నీళ్ళు పోసుకున్నాడు. పదేళ్ళు. రోజూ గేదెలకు గడ్డి కోసేవాడు, పాలు పితికేవాడు, పక్కింటి వాళ్ళకు మజ్జిగ పోయించేవాడు. తను మాత్రం వేలు ముంచి నాకలేదు. మా ఇంట మజ్జిగకి మడి కట్టేరని పైడమ్మ ఊరంతా దెప్పేది.

నన్ను మాత్రం ఊరు నెత్తిన పెట్టుకుంది. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు నా విస్తరికి వేరుగా బెల్లం పరమాన్నం వండేవారు, కొబ్బరిపాలు పోసి. బాబుగారు కాశీలో పాలు వదిలేశారట, ఆస్తి పోయినా నిష్ఠ పోలేదని చెప్పుకునేవారు. ఆ మాట నా చెవిన పడేది. పడాలని ఉండేది కూడా. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను: ఆ గౌరవాన్ని నేను ఇష్టంగా తిన్నాను. అది బాగానే అరిగింది.

ఏడెనిమిదేళ్ళు అలా గడిచాయి. మూడేళ్ళ కిందట విజయనగరంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. ఏదో తెల్లటి కూర వడ్డించారు. అందులో పాలూ మీగడా పోసి వండారని నాకు తెలియదు. తిరుగు ప్రయాణంలో బస్సు ఆపించాల్సి వచ్చింది. నా వయసు వాడికి, నా లాంటి వాడికి, అది చాలు. మర్నాడే తిరిగి విజయనగరం వెళ్ళి ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాను. చిన్న వయసు, నెమ్మదస్తురాలు. నేను సగం మింగేస్తూ చెప్పినదంతా ఓపికగా విన్నది.

పాలలో ఒక రకం చక్కెర ఉంటుందట. దాన్ని విడగొట్టే సరుకు చిన్నపేగులో తయారవుతుందట. వయసు వచ్చేకొద్దీ చాలామందిలో అది తగ్గిపోతుందట. అప్పుడు ఆ చక్కెర అరగకుండా కిందికి దిగి అక్కడ పులుస్తుంది, గాలి పుడుతుంది. రోగం కాదు, ప్రమాదం అంతకంటే కాదు. ఆ తక్కువైన సరుకునే మాత్రగా అమ్ముతారట, లాక్టేజ్ అని. పాలు తాగేటప్పుడు మొదటి గుక్కతో వేసుకోవాలి. తాగేశాక ఎప్పుడో వేసుకుంటే లాభం లేదు. ఆ పూటకే పనిచేస్తుంది, మళ్ళీ తాగితే మళ్ళీ వేసుకోవాలి. ముందు కొద్దిగా తాగి చూసుకోమంది. పెరుగు, మజ్జిగ అయితే మాత్ర లేకపోయినా చాలామందికి పడతాయని, నాకూ పడొచ్చని అంది. ఎప్పుడైనా ప్రయత్నించారా అని అడిగింది. లేదన్నాను. కాశీలో వదిలేశానని ఆమెతో అనలేదు. పదకొండేళ్ళలో ఆ ఒక్క మనిషితోనే అనలేదు.

ఇది వంశంలో వచ్చేదా అని అడిగాను. మీ వంశమే ఏమిటండీ, మన వైపు ఏ వీధికి వెళ్ళినా ఉంటారు అని నవ్వింది. ఆ నవ్వు ఊరటగా ఉండాలి. నాకు ఒక క్షణం కోపం వచ్చింది. ఇన్నేళ్ళు మా ఇంటి పతనానికి గుర్తుగా మోసినది వీధికో నలుగురికి ఉండేదేనా? నా సిగ్గు కూడా నా సొంతం కాదా?

ఆ డాక్టరమ్మకు నేను రుణపడి ఉన్నాను. ఆమె చెప్పినట్టే మొదట అర గ్లాసుతో మాత్ర వేసుకున్నాను. కుర్చీలో నిటారుగా కూర్చుని గంట చూశాను, రెండు గంటలు చూశాను. కడుపు నోరెత్తలేదు. ఆ రోజు నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చిన్నప్పటి రుచి అలాగే ఉంది.

ఆ రోజే లేచి సింహాద్రి ఇంటికి వెళ్ళాల్సింది.

వెళ్ళలేదు. ఇంకో రెండేళ్ళు వెళ్ళలేదు. మాత్రల అట్ట లాల్చీ జేబులో పెట్టుకుని బస్సెక్కి గజపతినగరం వెళ్ళేవాణ్ణి. అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు తక్కువ. ఒక కొట్టు వెనక బల్ల మీద కూర్చుని పాలకోవా తినేవాణ్ణి, చిక్కటి టీ తాగేవాణ్ణి. మీసం తుడుచుకుని మళ్ళీ బస్సెక్కేవాణ్ణి. ఊళ్ళో దిగేసరికి సింహాద్రి గడ్డిమోపుతో ఎదురయ్యేవాడు. మోపు దించి పలకరించేవాడు. మొదటి ఏడెనిమిదేళ్ళదీ తెలియనితనం అనుకుందాం, పిరికితనం అనుకుందాం. ఈ రెండేళ్ళను ఏమనాలి? నేను మాటల కోసం చాలా వెతికాను. దొంగతనం అన్న మాట దగ్గర ఆగాను.

పోయిన ఏడు వానల్లో సింహాద్రి గట్టు మీద జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. విజయనగరంలో ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. ఎముక అతుక్కుంటోంది, మనిషే తగ్గిపోతున్నాడు. నోరు చచ్చిపోయింది. చేపలు వండితే వాసనకే మొహం తిప్పేవాడట. గుడ్డు పెడితే వాంతి. మంచం మీద రోజురోజుకీ సన్నబడిపోతున్నాడు. ఒక పొద్దున్న పైడమ్మ మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది.

"నిద్దట్లో అంబలి అంటన్నాడు బాబూ. మజ్జిగ పోసి ఇస్తే మూతి బిగించేత్తన్నాడు. బాబు తాగనేదు, నానెలగ తాగతానంటాడు. మీరొక్క మాట సెప్పండి. ఇంకెవురు సెప్పినా ఇనడు."

ఆమె నన్ను నిందించలేదు. అర్థిస్తోంది. నా అబద్ధం ఒక మనిషిని తినేస్తుంటే, ఆ మనిషి భార్య నా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

నిజం చెప్పేద్దామనే బయలుదేరాను. దారిలో వాక్యాలు కూర్చుకున్నాను. మూడే వాక్యాలు. కాశీలో నేనేమీ వదలలేదు. నాకు పాలు పడవు. నువ్వు ఊరికే వదిలావు. మూడోది ఎన్నిసార్లు మార్చినా అదే వచ్చింది. నులక మంచం మీద సింహాద్రిని చూశాక ఆ మూడోది నా నోట రాలేదు. దవడలు లోపలికి పోయాయి. అయినా నన్ను చూసి లేవబోయాడు. పదేళ్ళు ఊరికే పోయాయని ఆ మనిషికి చెప్పాలా? అది దయ అనుకున్నాను. ఇప్పుడు తరచి చూసుకుంటే, అందులో దయ ఎంత, నా పరువు ఎంత అన్నది తేల్చుకోలేకపోతున్నాను. బహుశా సగం సగం. బహుశా సగం కూడా కాదు.

మంచం పట్టె మీద కూర్చున్నాను. వీపు వంచి. నా ఎరుకలో అదే మొదటిసారి.

"సింహాద్రీ, శ్రీముఖలింగం వెళ్ళొచ్చాను. కాశీలో వదిలింది అక్కడ స్వామిని అడిగి మళ్ళీ తెచ్చుకోవచ్చుట. అడిగి తెచ్చుకున్నాను."

"నిజంగా ఇచ్చేడేటి బాబూ, స్వామి?"

"ఇచ్చాడు. పైడమ్మా, ఆ రోజు తాగని గ్లాసు ఇప్పుడు ఇయ్యి."

ఆమె లోపలికి వెళ్ళింది. నేను కండువా సర్దుకుంటున్నట్టు పక్కకు తిరిగి మాత్ర నోట్లో వేసుకున్నాను. అదే ఇత్తడి గ్లాసు. అంతే వేడి. సింహాద్రి రెప్ప వేయకుండా చూస్తున్నాడు. అడుగు కనిపించేదాకా తాగాను. తర్వాత పైడమ్మ అంబలిలో మజ్జిగ పోసి అతని తల ఎత్తి పట్టుకుంది. రెండు గుక్కలు తాగి ఆగాడు. మళ్ళీ తాగాడు. మూతి మీద తెల్లటి చారతో నా వైపు తిరిగి అన్నాడు:

"ఇప్పుడు ఆ భూమి మాదైనట్టున్నాది బాబూ."

అతనికి మజ్జిగ ఒక్కటే పోగొట్టాననుకున్నాను ఇన్నేళ్ళూ. కాదు. తన సొంత మడిలో పదేళ్ళు పరాయివాడిలా నడిచాడు. విత్తినప్పుడూ, కోసినప్పుడూ, వాన పడ్డప్పుడూ. నేను అమ్మాను గానీ ఇవ్వలేదు. ఆ మాట విన్నాక ఇంటికి ఎలా నడిచానో గుర్తులేదు. కడుపు మాత్రం నిశ్శబ్దంగా ఉంది. గోరంత మాత్ర తన పని తను చేసింది. దాన్ని తయారుచేసిన వాళ్ళెవరో, ఏ దేశం వాళ్ళో, వాళ్ళకు నా దండం.

సింహాద్రి కోలుకున్నాడు. కర్రతో నడుస్తున్నాడు. నేను కల్పించిన ఆచారం కూడా నడుస్తోంది. కాశీలో వంకాయ వదిలిన మా వీధి ముసలమ్మ ఒకావిడ ఈమధ్య శ్రీముఖలింగం వెళ్ళి దాన్ని వెనక్కి తెచ్చుకుంది. నాకు ఆవిడ ముఖం చూడాలంటే భయం. స్వామి నవ్వుకుంటాడో, నా లెంపలు వాయిస్తాడో తెలియదు.

రోజూ పొద్దున్నే సింహాద్రి కర్ర పొడుచుకుంటూ పిడతలో పెరుగు తెస్తాడు. ఇది నా భూమి గడ్డి తిన్న గేదె పెరుగు అంటాడు, 'నా' అన్న మాట మీద కాస్త ఆగి. అరుగు మీద నా పక్కనే కూర్చుంటాడు. ఒడ్డు మీద ఉన్నా ఒక్కోసారి ఒరే అనబోయి నాలిక కరుచుకుంటాడు. అనేయరాదా అనిపిస్తుంది. నాకు దక్కిన భాగ్యం ఇది. దక్కకూడని వాడికి దక్కింది. ప్రతి ముద్దకూ మనసులో కృతజ్ఞత చెప్పుకుంటాను, ఎవరికని అడిగితే సింహాద్రికే. డాక్టరమ్మ మాట నిజమే, పెరుగు నాకు మాత్ర లేకుండానే పడవచ్చు. అయినా వేసుకుంటాను, అతను అటు చూస్తున్నప్పుడు. నేను నమ్మనిది నా కడుపునే కాదు, నన్ను కూడా.

అతనికి ఇంకా చెప్పలేదు. చెబితే క్షమిస్తాడని భయం. క్షమిస్తే ఆ మాట కూడా నేను తేరగా తీసుకున్నట్టే ఉంటుంది. చెప్పకపోతే అబద్ధం రోజూ పిడతలో తోడుకుంటూనే ఉంటుంది. ఏది తక్కువ తప్పో నాకు తెలియడం లేదు. మీకు చెప్పాను, అంతే. మీరు ఏమంటారో వినడానికి నేను ఎదురుగా ఉండను. అయినా రాయడం మొదలుపెట్టినప్పుడు నిటారుగా కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు చూసుకుంటే కుర్చీకి వీపు ఆనించి ఉన్నాను. ఎప్పుడు ఆనించానో తెలియలేదు.

వీధిలో కర్ర చప్పుడు వినిపిస్తోంది. మాత్రల అట్ట జేబులోంచి తీసి అరుగు మీద, అతను కూర్చునే చోటు పక్కనే పెడుతున్నాను. అడిగితే చెబుతాను.